తారీకు లేని వాయిదా

ఫోన్ మోగినప్పుడు కొమురవ్వ వేళ్ల మధ్య పోగు ఉంది. చట్రం అవతలి నుంచి భర్త బిక్షపతి కొక్కెం వచ్చి ఆగింది. పోగును కొక్కేనికి తగిలించి, అతను లాక్కున్నాకే ఆమె లేచింది.

"ఎవలు?" అన్నాడు బిక్షపతి, చట్రం సందులోంచి.

"ఏమో. బయటికి పోయి ఇనొస్త."

మగ్గాల షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. జోల్వాలోని ఆ ఖాతాలో నలభై ఎనిమిది మగ్గాలు ఒక్కసారే కొడుతుంటాయి. పడుగు నూలు చుట్టిన బీము నుంచి పోగులు చట్రానికి ఎక్కించే ఈ మూలగదిలో కొంచెం గట్టిగా అరిస్తే మాట వినపడుతుంది కానీ ఫోన్ వినపడదు. ఆమె గోడ పట్టుకొని నడిచింది. గడప దగ్గర ఆగి, కాలి బొటనవేలితో మెట్టు అంచు చూసుకొని దిగింది. ఎండ తగలగానే ఎడమ కంటి ముందు తెల్లటి గుడ్డ కట్టినట్టయింది. కుడి కంటికి ఎదురుగా ఒక నిలువు గీత మాత్రం కనపడింది. అది కరెంటు స్తంభమని ఆమెకు ముందే తెలుసు కాబట్టి కరెంటు స్తంభమే అనుకుంది.

వరాఛా దవాఖానా నుంచి ఆ పిల్లే. మూడుసార్లు మాట్లాడిన గొంతు. హిందీలో గబగబా చెప్పింది. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి రావాలి. ఖాళీ కడుపుతో రావాలి. వెంట ఒక మనిషి ఉండాలి.

"బెహన్, వచ్చే నెలకు..." అని మొదలుపెట్టింది కొమురవ్వ.

"మాసీ, ఈసారి కూడా వద్దంటే పేరు కొట్టేస్తారు. కేసులు మళ్లీ పెరుగుతున్నాయి. ఆపరేషన్లు ఏ రోజు బందవుతాయో మాకే తెలియదు. మీ ఎడమకన్ను శుక్లం బాగా ముదిరింది. ఇంకా ఆగితే, చేసినా చూపు వస్తుందో లేదో చెప్పలేనని డాక్టర్ రాసిపెట్టారు. వస్తున్నారా?"

"చెప్త," అంది కొమురవ్వ. అవతల పెట్టేశారు.

తిరిగి వచ్చి తన చోట కూర్చుంది. పక్కనున్న రేకు డబ్బాలో వేళ్లు ముంచింది. అందులో ముఖానికి పూసుకునే పౌడరు. ఊళ్లో అమ్మ ఇలాంటి పనికి బూడిద వాడేది. ఇక్కడి తెల్లటి జారుడు నూలుకు బూడిద అంటుతుందని ఆమే పౌడరు కనిపెట్టింది.

"ఎవలే?"

"దవాఖానోళ్లు."

"ఏమంటరు?"

వేళ్లు పోగును వెతికి పట్టుకున్నాయి. గోటితో టక్కున విడదీసింది. "వాయిదా పడ్డదట."

"మళ్లానా?" బిక్షపతి నాలుక చప్పరించాడు. "గీ కరోనా పాడుగాను. సరే, కానియ్యి."

చట్రంలో వరుసగా వేలాడే సన్నటి తీగల్లో తరవాతి తీగ బెజ్జంలోంచి కొక్కెం ఇవతలికొచ్చింది. ఆమె పోగు తగిలించింది. అతను లాక్కున్నాడు.

అంతే. ఇంకేం అడగలేదు. ఆ మాటకు ఉన్న సుఖం అదేనని కొమురవ్వ ఈ ఏడాదిలో కనుక్కుంది. వాయిదా పడ్డదంటే వాన పడ్డదన్నట్టే. ఎవరు వేశారని ఎవరూ అడగరు. దేశంలో అన్నీ పడ్డాయి. పెళ్లిళ్లు పడ్డాయి, రైళ్లు పడ్డాయి, కూతురు సంధ్య పరీక్షలు పడ్డాయి. వాటి మధ్య తన కన్ను కూడా పడింది.

మొదటిసారి చెప్పినప్పుడు అది నిజమే. పోయినేడు మార్చిలో దవాఖానా వాళ్లే తలుపులు మూశారు. జూన్‌లో బిక్షపతికి ఎదురు కూర్చునే సోమలింగం ఊరికి పోయి తిరిగి రాలేదు. ఈ పని ఒక్కడు చేసేది కాదు. ముందు ఒకరు కొక్కెంతో, వెనక ఒకరు పోగులతో ఉండాలి. బిక్షపతి గదిలో గోడకు ఆనుకొని రోజుల తరబడి కూర్చున్నాడు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. అప్పుడు ఆమే అంది, "నేను కూసుంట తియ్యి. మా అవ్వ దగ్గర చిన్నప్పుడు చేసిందే గదా." కూర్చున్నాక తెలిసింది, ఈ చోటు నుంచి లేస్తే అతను మళ్లీ గోడకు ఆనుకుంటాడని. కన్ను చేయించుకుంటే నెల రోజులు వంగొద్దు, దుమ్ములో కూర్చోవద్దు అన్నారు. ఖాతాలో దుమ్ము లేని చోటేది?

ఇంకొకటి కూడా ఉంది. దవాఖానాకు వెంట మనిషి వస్తే, ఎంత కనపడుతుందో ఆ మనిషి ముందే డాక్టరు చెప్పేస్తాడు.

"ఏం వదినె, పోగులకు మేకప్ అయిందా?" మాస్టర్ దశరథం గుమ్మంలో నిలబడి అరిచాడు. ఖాతాలో మగ్గాలన్నిటికీ అతనే పెద్ద. వాళ్ల జిల్లావాడే. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది.

"నీకు జర పూయమంటవా మరిది? పెళ్లిసూపులున్నయా?" అంది కొమురవ్వ, గొంతు వచ్చిన దిక్కుకు తల తిప్పి.

"నాకు పెళ్లిసూపులు కాదు, శేఠ్ సూపులున్నయి. బిక్షపతన్నా, శనివారం లోపట ఆరు బీములు ఎక్కాలె. హోళీకి సగం మంది ఊళ్లకు పోతరు, మగ్గాలు ఖాళీ ఉండద్దంటుండు. ఒరిస్సా జోడి ఒకటి తిరుగుతుంది పని కోసం. నేనే ఆపిన, మావోళ్లు ఎక్కిస్తరని."

"ఎక్కిస్తం. ఎన్నడన్న ఆపినమా?" అన్నాడు బిక్షపతి.

*

మంగళవారం సాయంత్రం సంధ్య బియ్యం ఏరుతూ ఫోన్ చూస్తోంది. పంతొమ్మిదేళ్లు. పుట్టింది ఊళ్లో, పెరిగింది ఇక్కడ. బీకాం రెండో ఏడు. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్. పగలు తల్లి కొంగులో, సాయంత్రం కూతురి చేతిలో ఉంటుంది.

"అమ్మా, మా పరీక్ష మోకూఫ్ అట మళ్లా."

"అంటే?"

"అదే, వాయిదా. గుజరాతీల మోకూఫ్ అంటరు." స్క్రీన్ మీద వేలు జరిపింది. జరిపి ఆగింది. "ఏ రుకో. ఇదేంది? అమ్మా, దవాఖానా మెసేజ్ ఉంది. శుక్రవారం, ఇరవయ్యారు, ఎనిమిదింటికి. వాయిదా పడ్డదంటివి గదా?"

కొమురవ్వ రొట్టె తిప్పింది. పెనం మీద రొట్టె ఎప్పుడు కాలిందో ఆమె ఇప్పుడు వాసనతో చెప్పగలదు. "మెల్లగ మాట్లాడు. మీ బాపు నీళ్లు పోసుకుంటుండు."

సంధ్య లేచి వచ్చి స్టవ్ పక్కన కూర్చుంది. "సచ్చీ చెప్పు. వాళ్లు ఎన్నిసార్లు పిలిచిండ్రు?"

"మూడుసార్లు. ఇది నాలుగోది."

"అంటే నువ్వే వద్దన్నవా? మా ముంగట వాయిదా, వాయిదా అనుకుంట..." పిల్ల చటుక్కున చేయెత్తి తల్లి ముఖం ముందు పెట్టింది. "గివి ఎన్ని వేళ్లు?"

"మీ బాపు లెక్క మజాక్ చేయకు."

"ఎన్ని?"

"మూడు."

సంధ్య చేయి దించింది. ఎత్తింది పిడికిలి. రొట్టెల డబ్బా మూత తీసి తల్లి చేతికి దగ్గరగా జరిపింది. అప్పుడు అంది, "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"హోళీ కానియ్యి. శనారంతోని బీములు అయిపోతయి. గప్పుడు నేనే..."

"హోళీ అయినంక ఏ తారీకు?"

కొమురవ్వ పెనం మీది రొట్టెను మళ్లీ తిప్పింది.

"తారీకు లేకుంటే అది వాయిదా ఎట్లయితదమ్మా? రద్దంటరు దాన్ని. మా కాలేజీల గూడ గంతే. తారీకిస్తే వాయిదా, ఇయ్యకుంటే రద్దు. పోయినేడు నీకు ఫస్టిచ్చిన తారీకు ఏందో యాదుందా? మార్చి ఇరవయ్యారే. సరిగ్గ ఏడాది."

స్నానాల గది తలుపు చప్పుడైంది. సంధ్య ఫోన్ బోర్లించి మళ్లీ బియ్యం ముందు కూర్చుంది. బిక్షపతి తల తుడుచుకుంటూ వచ్చి, "ఏంది, తల్లీబిడ్డలు ముచ్చట వెట్టిండ్రు?" అన్నాడు.

"నా పరీక్ష వాయిదా పడ్డది బాపూ."

"మంచిగైంది. గీ సూరత్‌ల పడనిది డ్యూటీ ఒక్కటే." నవ్వి రొట్టె తుంచుకున్నాడు.

ఆ మాటకు కొమురవ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే తండ్రిని తలుచుకుంది. పొలం గట్టు తగాదాలో ఆయన సిరిసిల్ల కోర్టుకు తిరిగేవాడు. వాయిదా అనే మాట ఆమె విన్నది ఆయన నోటనే. రేపు వాయిదా ఉన్నదంటే ఉతికిన ధోతి, సద్ద రొట్టెల మూట, తెల్లవారే ప్రయాణం. పొద్దుగూకి వచ్చాక ముందు చేసే పని పొయ్యిలోంచి బొగ్గు తీసి, తలుపు పక్క గోడ మీద మళ్లీ వచ్చే తారీకు రాయడం. చదువు లేని మనిషి అంకెలు మాత్రం గుండ్రంగా రాసేవాడు. గోడ నిండా తారీకులు. కేసు గెలవలేదు. కానీ ఒక్క తారీకు కూడా ఆయన వదులుకోలేదు.

తన గోడ మీద ఏమీ లేదు.

*

గురువారం మధ్యాహ్నానికి నాలుగో బీము సగమైంది. పొద్దుటి నుంచి ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఈ పనికి మాట అడ్డం. బీము మీంచి వచ్చే పోగులు రెండు సన్నటి కర్రల మధ్య నుంచి ఒకటి పైకి ఒకటి కిందికి దాటి వస్తాయి. వరుస తప్పకుండా ఉండేది ఆ కర్రల వల్లే. పైది తీశాక కిందిది, కిందిది తీశాక పైది. ఒక్కటి తప్పితే బట్టలో మొదటి నుంచి చివరిదాకా గీత పడుతుంది. తొమ్మిది నెలల్లో వీళ్లు ఎక్కించిన బీముల్లో గీత పడలేదు. "వదినె చెయ్యి కంప్యూటరు," అంటాడు దశరథం.

ఆమె చూపుడువేలు కర్ర మీద జారుతుంది. పోగు తగులుతుంది. బొటనవేలి గోరు దాన్ని విడదీస్తుంది. టక్. కొక్కెం వస్తుంది. పోతుంది. టక్.

రేపు ఎనిమిదింటికి అనే మాట ఆ టక్ టక్‌ల మధ్య వస్తోంది, పోతోంది. పొద్దున సంధ్య కళ్లెత్తి చూడలేదు. టిఫిన్ గిన్నె చేతిలో పెట్టి, "ఇయ్యాల చెప్పకుంటే రాత్రి నేను చెప్త" అంది. చెప్పనీ, అనుకుంది కొమురవ్వ. చెప్తే రేపటికి అతను పోనిస్తాడు. మరి ఎల్లుండి? ఒరిస్సా జోడి గుమ్మం దగ్గరే ఉంది.

మూడు గంటలు దాటాక కరెంటు పోయింది.

ముందు చప్పుడు పోయింది. నలభై ఎనిమిది మగ్గాలు ఒక్కొక్కటిగా తడబడి ఆగాయి. ఆ తరవాత వచ్చిన నిశ్శబ్దం చెవుల్లో గుయ్యిమంది. కిటికీ లేని మూలగది నల్లగా మూసుకుంది. షెడ్డులో ఎవరో ఈల వేశారు. "ఛాయ్, ఛాయ్!" అని ఒకడు అరిచాడు.

బిక్షపతి కొక్కెం ఒళ్లో పెట్టుకొని నడుం వెనక్కి విరిచాడు. జేబులో తంబాకు డబ్బా వెతుక్కుంటుంటే వినపడింది.

టక్.

మగ్గాల మోతలో తొమ్మిది నెలలుగా అతనికి ఎన్నడూ వినపడని చప్పుడు. చాలా చిన్నది. టక్. టక్. కొంచెంసేపు ఎలుకేమో అనుకున్నాడు. అది ఎప్పటి వేగంతోనే, ఎప్పటి ఎడంతోనే చట్రం అవతలి నుంచి వస్తోంది.

"కొమురవ్వా?"

"ఊఁ."

"ఏం చేస్తున్నవే?"

"పోగులు తీస్తున్న. నీ కొక్కెమేది?"

అవతలి నుంచి కొక్కెం రాలేదు. టక్ టక్ ఆగిపోయింది. చీకటైందని కొమురవ్వకు తెలుసు. కుడి కన్ను ఆ మాత్రం చెప్పింది. చీకటైతే మనుషులు పని ఆపుతారన్నదే ఆమె మరిచిపోయింది.

"నీకు కనవడుతుందా?" అన్నాడు బిక్షపతి.

ఆమె వేళ్ల సందుల్లో పది పోగులు వరుసగా ఉన్నాయి. వాటిని వదిలితే కలిసిపోతాయి. వదల్లేదు.

అతను లేచి, చట్రం చుట్టూ తడుముకుంటూ వచ్చాడు. మోకాలు బీముకు కొట్టుకుంటే తిట్టాడు. ఆమె పక్కన కూలబడి చేయి చాపాడు. "యాడ తీస్తున్నవ్?" ఆమె అతని చూపుడువేలు పట్టి కర్ర మీద పెట్టింది. అతను తడిమాడు. ముప్పై ఏళ్లుగా పోగులు లాగిన వేళ్లు. గోటితో విడదీయబోయాడు.

"రెండచ్చినయి," అంది కొమురవ్వ.

మళ్లీ తీశాడు.

"ఇప్పుడు మూడు. విడువు, తెగుతయి."

అతను చేయి వెనక్కి తీసుకున్నాడు. చీకట్లో ఇద్దరి ఊపిరీ వినపడుతోంది. బయట ఛాయ్ గ్లాసులు మోగుతున్నాయి.

"ఎప్పటిసంది?" అన్నాడు.

"ఎడమది పోయినేడే పోయింది. కుడిది దీపావళి సంది మబ్బు మబ్బుగ ఉంది."

"మరి దవాఖానోళ్లు గిన్నిసార్లు వాయిదాలు వేస్తే నోరు మూసుకొని ఉంటివా? పోయి కొట్లాడకపోయినవా? నన్నన్న తోలియ్యకపోయినవా?"

ఇప్పుడు కూడా తప్పుకోవచ్చు. ఆ మాట అక్కడే, నాలుక చివరనే ఉంది. పడ్డది అంటే చాలు.

"వాళ్లు వేయలే. ఫస్టుసారి వాళ్లు. తర్వాతవన్ని నేనే. సోమారం గూడ అబద్ధమే చెప్పిన. రేపు రమ్మన్నరు. రేపు పోకుంటే పేరు తీసేస్తరట."

అరుస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననుకుంది.

"నీ ఎదురుంగనే కూసున్న గదా," అన్నాడు బిక్షపతి. "తొమ్మిది నెల్ల సంది గింత దూరంల."

"నువ్వు కొక్కెం సూసుకోవాలె గదయ్యా. తలెత్తితే బెజ్జం తప్పదా?"

ఆమె అతన్ని కాపాడటానికే అంది. అతనికి అది ఇంకో చోట తగిలింది. లేచి నిలబడ్డ చప్పుడు వినపడింది.

కరెంటు వచ్చింది. మగ్గాలు ఒక్కొక్కటిగా అందుకున్నాయి. బిక్షపతి తన చోటికి పోయి కూర్చున్నాడు. కొక్కెం పెట్టాడు. ఆమె వేళ్ల సందులో దాచిన పది పోగులూ ఒకదాని వెంట ఒకటి తగిలించింది. కానీ ఈసారి కొక్కెం ఎప్పటికన్నా నిదానంగా వచ్చింది. రెండు సార్లు బెజ్జం తప్పింది. అతను తలెత్తి చూస్తున్నాడని ఆమెకు అర్థమైంది.

నాలుగో బీము ఎక్కేసరికి ఆరున్నర. చేతులు దులుపుకొని బిక్షపతి దశరథాన్ని కేకేశాడు.

"అయిందా అన్నా? శెభాష్. రేపొకటి, ఎల్లుండొకటి. పండుగకు నిమ్మళం."

"రేపు రాము. ఎల్లుండి గూడ రాము."

దశరథం నవ్వాడు. ఎదుటి మనిషి నవ్వకపోవడం చూసి ఆపాడు. "మజాకా? శేఠ్‌కు ఏం చెప్పాలె నేను?"

"వాయిదా అని చెప్పు."

"బీము వాయిదా ఏందన్నా! బీము ఎన్నడన్న వాయిదా పడ్డదా?"

"పడలే. నేను వేస్తున్న. బిక్షపతి వేసిండని పేరు పెట్టి చెప్పు." అతను కొక్కేన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "దీని కండ్లకు ఆపరేషన్. నెల పడతది. ఏప్రిల్ ఇరవయ్యారు, సోమారం. ఆ రోజు పొద్దుగాల ఇద్దరం వచ్చి గీడనే కూసుంటం."

దశరథం కొమురవ్వ వైపు చూశాడు. ఆమె అతని భుజం పక్కన గోడను చూస్తోంది. ఏదో అనబోయి మాస్కు పైకి లాక్కున్నాడు. "వదినె కండ్లకా?" అన్నాడు మెల్లగా. తొమ్మిది నెలల్లో తానన్న హాస్యాలన్నీ గుర్తొచ్చినట్టు కాసేపు నిలబడ్డాడు. "నెల అంటే ఒరిస్సా జోడిని కూసోబెట్టుడే అన్నా. కూసున్నంక లేపుడు నా చేతుల ఉండదు. నేను మాటియ్య."

"నిన్ను మాట అడగలే. తారీకు చెప్పిన. గుర్తుపెట్టుకో."

గడప దగ్గర కొమురవ్వ కాలు అలవాటుగా మెట్టు కోసం వెతికింది. ముందు దిగిన బిక్షపతి ఆగి, వెనక్కి తిరగకుండానే చేయి వెనక్కి చాపాడు. ఆమె పట్టుకోలేదు. మెట్టు ఆమెకు తెలుసు. కానీ ఆ చేయి అలా ఉండనిచ్చి, దాని పక్కనే దిగింది.

*

సిటీ బస్సులు ఆపేశారని రెండు షేర్ ఆటోలు మారి వరాఛా చేరారు. దవాఖానా గేటులో వాచ్‌మన్ నుదుటికి వేడి చూసే మిషన్ పెట్టాడు. లోపల ఎడం ఎడంగా వేసిన కుర్చీల్లో కూర్చోబెట్టారు. నర్సు వచ్చి కొమురవ్వ ఎడమ కనుబొమ్మ మీద పెన్నుతో గీత గీసింది. కంట్లో చుక్కలు వేసి మూసుకోమంది. "మాసీ, వచ్చారా!" అని ఫోన్‌లో విన్న ఆ గొంతే నవ్వింది. కుడిది కూడా రాసిపెడతామని, దాని సంగతి ఈ కన్ను మానాక చూస్తామని చెప్పింది.

"దాని తారీకు ఎప్పుడు బెహన్?" అంది కొమురవ్వ, కళ్లు మూసుకొనే.

నర్సు కాగితాలు తిరగేసింది. "అంత ముందు తారీకులు ఇవ్వంలే మాసీ."

"రాసియ్యండి. మారినా పర్వాలేదు."

నర్సు ఏదో రాసి వెళ్లింది.

ఖాతా నుంచి కొంగుముడిలో తెచ్చుకున్న పౌడరు డబ్బా కోసం తడుముకుంటే తగల్లేదు. బిక్షపతి దగ్గర ఉంది. రెండు కుర్చీల అవతల అతను తల వంచుకొని ఏదో గీకుతున్న చప్పుడు. రేకు మీద ఇనుము. పక్కనెవరో విసుక్కున్నా ఆగలేదు.

"ఏమయ్యా, ఏం చేస్తున్నవ్?"

అతను లేచి వచ్చి డబ్బా ఆమె అరచేతిలో పెట్టాడు. మూత మీద ఇంకా వెచ్చగా ఉంది. ఆమె చూపుడువేలు దాని మీద జారింది. వంకర్లు, గీతలు. కొక్కెం మొనతో గీసిన అంకెలు. రెండు, ఆరు. ఆ తరవాత ఒక అడ్డగీత. నాలుగు. ఏప్రిల్ ఇరవయ్యారు. తండ్రి అంకెల్లా గుండ్రంగా లేవు. రెండు అంకె తోక మరీ లోతుగా దిగి, అంచు గుచ్చుకుంటోంది.

"కొమురవ్వ బిక్షపతి!" లోపల్నుంచి పేరు పిలిచారు.

ఆమె ఆ అంకెల మీద మరోసారి వేలు నడిపి, డబ్బా మూత బిగించి, అతని చేతికిచ్చి లేచింది.